అజ్ఞాతవాసం నుంచి ప్రామిసరీ నోటు దాకా: పురాణ కథతో నేటి కథ అల్లడం ఎలా?

పురాణం ఆధారంగా కొత్త కథ రాయాలనుకునేవారు ఎక్కువగా పాత్రల కోసం అక్కడికి వెళ్తారు. కర్ణుడిలాంటి స్నేహితుడిని, శకునిలాంటి మేనమామను, కైకలాంటి సవతితల్లిని తెచ్చుకుంటారు. నాలుగు పేజీలు నడిచేసరికి కథ చతికిలబడుతుంది. మనిషి వచ్చాడు గానీ, అతన్ని కట్టి నడిపించిన తాడు అక్కడే ఉండిపోయింది.

మన పురాణ కథలను లాక్కుపోయేది ఆ తాడే. ఇచ్చిన మాట, వాడుకోకుండా దాచుకున్న వరం, గడువు పెట్టిన శాపం, బయటపడకూడని రహస్యం. ఎంత బలవంతుడైనా ఆ ముడిని విప్పుకోలేడు, తెంచుకోలేడు. కాబట్టి ముందుగా అరువు తెచ్చుకోవలసింది ముడిని. అది ఎలాగో ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చూపిస్తాను. ఉదాహరణ విరాటపర్వం. వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్లో విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత ఆచారం. మనలో చాలామందికి చిన్నప్పుడే చెవిన పడిన కథ ఇది.

మొదటి అడుగు: ఒక్క ఘట్టమే తీసుకోండి, మూలం దగ్గరికి వెళ్లి చదవండి

మొత్తం భారతాన్ని ఒక నవలలో కుక్కాలని చూడకండి. ఒక పర్వం, వీలైతే ఒక ఉపాఖ్యానం చాలు. ఎంచుకున్నాక దాన్ని జ్ఞాపకం మీద ఆధారపడకుండా మళ్లీ చదవండి. మన జ్ఞాపకంలో ఉన్న భారతంలో సగం నాటకాలది, సినిమాలది. శశిరేఖా అభిమన్యుల పెళ్లి కథ వ్యాసభారతంలో లేదని తెలిసి ఆశ్చర్యపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వంతోనే తన భారత రచన మొదలుపెట్టాడు. పద్యం కష్టమనిపిస్తే మంచి వచనానువాదం తీసుకోండి. కానీ సన్నివేశాలను సంగ్రహంలో చదవద్దు, పూర్తిగా చదవండి. మీకు కావలసిన సరుకు చిన్న చిన్న వివరాల్లోనే ఉంటుంది.

రెండో అడుగు: పేర్లు తీసేసి కథను ఏడెనిమిది వాక్యాల్లో రాయండి

కాగితం మీద రాజు, విల్లు, రథం లాంటి మాటలు కూడా పడకూడదు. విరాటపర్వం ఇలా వస్తుంది:

ఇంటి పెద్ద చేతులారా చేసిన తప్పు వల్ల కుటుంబం ఉన్నదంతా పోగొట్టుకుంది. శిక్షలో చివరి ఏడాది ఎవరి కంటా పడకుండా బతకాలి. గుర్తుపడితే శిక్ష మళ్లీ మొదటికి వస్తుంది. అందరూ తమకు వచ్చిన విద్యతోనే, తమ స్థాయికి తగని కొలువుల్లో చేరతారు. ఆ ఇంటి ఇల్లాలికి నలుగురిలో అవమానం జరుగుతుంది, అక్కడే ఉన్న తమవాళ్లు నోరెత్తితే అందరూ బయటపడతారు. ఒకడు చీకట్లో పగ తీర్చుకుంటాడు. ఆ చావు కబురే శత్రువును అక్కడికి రప్పిస్తుంది. గడువు తీరిందా లేదా అన్న వాదన నడుస్తుండగా దాగినవాళ్లు వెలుగులోకి వస్తారు.

ఇది చదివితే మీకు తెలిసిన ఏదో ఒక కుటుంబం గుర్తుకు రావాలి. రాకపోతే ఆ ఘట్టం మీది కాదు, ఇంకొకటి ఎంచుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

మూడో అడుగు: ముడి ఏదో కనిపెట్టండి

ఒక్కో వాక్యాన్నీ వేలితో మూసి చూడండి. ఏది మూస్తే మిగతావన్నీ కూలిపోతాయో అదే ముడి. పైన రాసిన వాటిలో కీచకుడిని తీసేసినా కథ కుంటుతూ నడుస్తుంది. ‘గుర్తుపడితే మళ్లీ మొదటికి’ అన్న షరతు తీసేస్తే మాత్రం ఏమీ మిగలదు. కీచకుడి మీద భీముడు పట్టపగలే చేయి చేసుకోవచ్చు, అర్జునుడికి ఆడవేషం అక్కర్లేదు. మళ్లీ 12 ఏళ్ల అరణ్యవాసం అన్న ఆ ఒక్క మాట పాండవుల బలాన్నంతా పనికిరాకుండా చేసింది.

నాలుగో అడుగు: ఆ ముడికి నేటి సాటి వెతకండి

అసలు కష్టమంతా ఇక్కడే. వారాలు పట్టినా పట్టనివ్వండి. కొత్త రచయితలు ఇక్కడ తొందరపడి ఒక రౌడీని, ఒక బెదిరింపును తెచ్చి పెడతారు. రౌడీ భయపెట్టగలడు గానీ కట్టిపడేయలేడు, పోలీసుల దగ్గరికి వెళ్తే సరిపోతుందని పాఠకుడు అనుకుంటాడు. మనకు కావలసింది పాత్ర తన చేత్తో తానే వేసుకున్న ముడి. రెండోసారి పిలుపు వచ్చినప్పుడు కూడా ధర్మరాజు తన కాళ్లతో తానే నడిచివెళ్లి జూదానికి కూర్చున్నాడు.

మన ఊళ్లలో అలాంటి ముడి ఒకటి ఉంది: ప్రామిసరీ నోటు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం నోటు మీద బాకీ రాబట్టుకోవడానికి మూడేళ్లలోగా దావా వేయాలి. దాటితే కాలదోషం పట్టిందంటాం. అయితే ఆ మూడేళ్లు నిండకముందే బాకీదారు కొంత సొమ్ము చెల్లించి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్ల లెక్క మొదలవుతుంది. బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టినా అంతే. గడువు దగ్గరపడుతుంటే వడ్డీవ్యాపారి ఇంటి చుట్టూ తిరిగేది అందుకే. ‘వంద రూపాయలు ఇచ్చినా చాలు, చెల్లు రాయి’ అంటాడు.

చూశారా, దొరికితే లెక్క మళ్లీ మొదటికి. విరాటపర్వపు షరతు అక్షరాలా ఇదే. సాటి ఇంత దగ్గరగా కుదిరినప్పుడు కథ తనంతట తాను కదులుతుంది.

ఇప్పుడు మన కుటుంబాన్ని నిలబెట్టుకుందాం. కృష్ణా డెల్టాలో ఒక పల్లె. అన్న, వదిన, తమ్ముడు. అన్న స్నేహితుడి మాట కాదనలేక తన పేరు మీద నోటు రాసిచ్చాడు, స్నేహితుడు సొమ్ముతో మాయమయ్యాడు. పొలం పోయింది, ఇల్లు తాకట్టులో ఉంది. నోటు రాసి రెండేళ్లు గడిచాయి, ఇంకొక్క ఏడాది ఉంది. ముగ్గురూ రాత్రికి రాత్రి బళ్లారి వెళ్లిపోతారు. అక్కడ తెలుగు ఎక్కడైనా వినిపిస్తుంది, బతకడం సులువు. అదే తెలుగు వల్ల, నోరు విప్పితే యాస పట్టిస్తుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఇలా ఆదుకునేదే ఆపద తెచ్చే చోటు చూసుకోండి.

మీరు వేరే ఘట్టం తీసుకున్నా పద్ధతి ఇదే. దశరథుడు యుద్ధంలో తనను కాపాడిన కైకకు రెండు వరాలిచ్చాడు, ఆమె అప్పుడు కోరుకోకుండా దాచుకుంది. దానికి నేటి సాటి అంకె వేయకుండా సంతకం చేసి ఇచ్చిన చెక్కు. ప్రేమతో ఇచ్చిన కాగితమే ఏళ్ల తర్వాత ఇంటిని చీల్చాలి.

ఐదో అడుగు: వేషాన్ని బలహీనతలోంచి కుట్టండి

ఇక్కడ వ్యాసుడి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. జూదంలో రాజ్యాన్ని, తమ్ముళ్లను, భార్యను ఒడ్డి ఓడిన ధర్మరాజు విరాటుడి కొలువులో ఏ పనికి కుదిరాడు? రాజుతో పాచికలాడే కంకుభట్టుగా. తనను ముంచిన పాచికలే ఏడాదంతా అన్నం పెట్టాయి. భీముడి ఆకలి అతన్ని వంటశాలకు చేర్చింది, వలలుడయ్యాడు. ఊర్వశి శాపం అర్జునుడిని బృహన్నలను చేసింది, శాపమే ముసుగుగా పనికొచ్చింది.

ఎవరిని ఏ పనిలో పెట్టాలా అని మీరు ఆలోచిస్తున్నప్పుడు ‘ఇతను దేనివల్ల చెడ్డాడు, లేదా దేన్ని చూసి సిగ్గుపడతాడు?’ అని అడగండి. మన అన్న సంతకం పెట్టి చెడ్డాడు. కాబట్టి బళ్లారిలో అతను ఒక చిట్టీల వ్యాపారి దగ్గర గుమస్తా. రోజంతా ఇతరుల చేత నోట్ల మీద సంతకాలు పెట్టించడమే పని. అమాయకుడొకడు పక్కవాడికి హామీ పడటానికి కలం తీసిన ప్రతిసారీ అన్న వేళ్లు వణకాలి. తమ్ముడు వంటవాడు, పెళ్లిళ్లకు వండే ఒక క్యాటరింగ్ బృందంలో చేరాడు. వదిన ఆ చిట్టీల వ్యాపారి ఇంట్లోనే పనికి కుదిరింది.

ఐదుగురు అన్నదమ్ములనూ తీసుకురావాలనే పట్టుదల వద్దు. నకుల సహదేవులకు నేటి ఉద్యోగాలు వెతుకుతూ కూర్చుంటే అది పొడుపుకథ అవుతుంది గానీ కథ అవదు.

ఆరో అడుగు: సభ సన్నివేశాన్ని రాయండి, తొందరపడకండి

ప్రతి పురాణ ఘట్టంలోనూ ముడి పూర్తిగా బిగుసుకునే చోటు ఒకటి ఉంటుంది. విరాటపర్వంలో అది కీచకుడు ద్రౌపదిని వెంటతరిమి నిండు సభలో తన్నిన చోటు. ధర్మరాజు అక్కడే ఉన్నాడు, భీముడూ అక్కడే ఉన్నాడు. భీముడి చూపు ఒక చెట్టు మీద పడుతుంది. పెకలించి కీచకుడి మీద వేయాలని. అది కనిపెట్టిన ధర్మరాజు వంటవాడితో మాట్లాడినట్టే, వంటచెరకు కావాలంటే వేరేచోట చూసుకో అన్నట్టు మాటాడి ఆపుతాడు. వినేవాళ్లకు అది కట్టెల సంగతి, తమ్ముడికి మాత్రం ఆజ్ఞ.

తర్వాత అతను ద్రౌపదితో, కులస్త్రీల మర్యాద విడిచి నాట్యమాడేదానిలా ఇక్కడ ఇలా నిలబడటం తగునా అంటాడు. తిక్కన ద్రౌపది దానికి ఇచ్చిన జవాబు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. నా భర్త నటుడు, నాకు నాట్యం రావడంలో వింతేముంది అంటుంది. అంతటితో ఆగదు. అతను నటుడే కాదు, జూదరి కూడా. జూదరి భార్యకు గౌరవం ఎక్కడిది అంటుంది. సభలో ఉన్నవారికి ఎవరో సైరంధ్రి తన మొగుణ్ని తిట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఆ మొగుడు ఎదురుగా కూర్చుని వింటున్నాడని ముగ్గురికే తెలుసు. రహస్యం చెక్కుచెదరలేదు, గుండెలో మాత్రం బాకు దిగింది.

మీ కథలో ఈ చోటికి వచ్చినప్పుడు ఇదే కొలత పెట్టుకోండి: ఒకే మాట ఇద్దరికి రెండు అర్థాలు ఇవ్వాలి, రహస్యం బయటపడకూడదు. మన కథలో వ్యాపారి బావమరిది వదినతో అసభ్యంగా ప్రవర్తిస్తాడు, ఆమె ఎదురు తిరిగితే దొంగతనం అంటగడతాడు. ఆ గొడవ జరిగే గదిలో అన్న చిట్టీల లెక్కలు రాస్తున్నాడు. ‘నీ తరఫున పూచీ పడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ అని వ్యాపారి అడుగుతాడు. వదిన అన్న వైపు చూడకుండా అంటుంది: ‘లేరయ్యా. మా ఇంటాయన ఊరందరికీ పూచీ పడ్డాడు, నా వంతు వచ్చేసరికి సంతకం అయిపోయింది.’

అన్న తల ఎత్తకూడదు. అంకెలు కూడుతూనే ఉండాలి. కూడిక తప్పు వచ్చిందని పాఠకుడికి ఒక్క వాక్యంలో చెప్పండి చాలు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయని రాయకండి. తిక్కన పాత్రల చేత మాట్లాడించి తాను పక్కకు తప్పుకున్నాడు, మీరూ తప్పుకోండి.

ఏడో అడుగు: ఎలా పట్టుబడతారో ముందే నాటండి

పురాణంలో మనిషిని పట్టించేది అతని విద్యే. ఇందుకు విరాటపర్వం కన్నా మంచి నమూనా అరణ్యపర్వంలో ఉంది. నలుడు రూపం మారి బాహుకుడిగా ఉన్నప్పుడు, అతను వండిన మాంసం రుచి చూసి దమయంతి అది నలుడి వంటేనని పోల్చుకుంది. నలపాకం అన్న మాట మనం వాడుతూనే ఉన్నాం. ఆ కథను బృహదశ్వుడు ధర్మరాజుకు అరణ్యవాసంలో చెప్పాడు, చెప్పాక పాచికల రహస్యం కూడా నేర్పాడు. అంటే విరాటపర్వానికి కావలసిన మందుగుండు ముందు పర్వంలోనే పోగైంది. ఒక పురాణ కథలోకి మరొక కథను తెచ్చి అతకడానికి జంకకండి, భారతమే ఆ పని చేసింది.

మన తమ్ముడు బళ్లారిలో ఒక పెళ్లికి వండాడు. వడ్డీవ్యాపారి చుట్టం ఒకడు పంక్తిలో కూర్చున్నాడు. గుత్తివంకాయ కూర ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నువ్వులు దోరగా వేయించి బరకగా దంచి, దించే ముందు రవ్వంత బెల్లం వేసే వాటం అతను ఒక్క ఊళ్లోనే, ఒక్క ఇంట్లోనే తిన్నాడు. చేయి కడుక్కునే నెపంతో వంటల వైపు నడిచాడు.

ఈ రుచి సంగతి కథ మొదటి పేజీల్లోనే, ఊళ్లో ఉండగానే, ఎవరో మెచ్చుకున్న మాటగా వచ్చి ఉండాలి. అలా నాటకపోతే ఇది కాకతాళీయం అవుతుంది.

ఎనిమిదో అడుగు: అతుకులు లాగి చూడండి

పురాణంలో పాఠకుడు ప్రశ్నించని చోట నేటి కథలో ప్రశ్నిస్తాడు. వీళ్లు పారిపోతే వ్యాపారి హాయిగా కోర్టుకు వెళ్లి దావా వేయవచ్చు కదా? మన కథకు ఇదే పెద్ద చిల్లు. పూడ్చే మార్గం వ్యాపారి గుణంలోనే ఉండాలి: అతను నోటు మీద రాసిన వడ్డీ వేరు, వసూలు చేసే వడ్డీ వేరు. కోర్టు మెట్లెక్కితే లెక్కలన్నీ బయటపెట్టాలి. అందుకే చెల్లు రాయించుకోవడానికే చూస్తాడు, దావా అతనికి ఆఖరి మార్గం. ఈ సంగతి తెలిసిన ఒక వకీలు గుమస్తాను కథలో ఒక్క పేజీ మాట్లాడించండి.

ఇక గడువు లెక్క. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు కనిపించగానే గడువు తీరకముందే బయటపడ్డాడని దుర్యోధనుడు సంబరపడ్డాడు. భీష్ముడు అధికమాసాలు లెక్కగట్టాడు. ఐదేళ్లకు రెండు నెలలు అధికంగా వస్తాయి కాబట్టి 13 ఏళ్లకు ఐదు నెలల పన్నెండు రాత్రులు ఎక్కువయ్యాయని, గడువు తీరిందని తేల్చాడు. మహాయుద్ధానికి ముందు అంతటి వీరులు పంచాంగం దగ్గర వాదించుకోవడం నాకు ఎంతో ఇష్టమైన చోటు. కాలపరిమితి చట్టంలోనూ అలాంటి మెలిక ఉంది: గడువులో ఆఖరి రోజున కోర్టుకు సెలవైతే, తిరిగి తెరిచిన రోజున దావా వేయవచ్చు.

మన కథలో నోటు గడువు దసరా సెలవుల్లో తీరుతుంది. మూడేళ్లు నిండాయని కుటుంబం ఊపిరి పీల్చుకుని ఊరికి వస్తుంది. వ్యాపారి మాత్రం క్యాలెండరులో కోర్టు తెరిచే తేదీ చుట్టూ సున్నా చుట్టి కూర్చున్నాడు. ఇక్కడి నుంచి ఎవరు గెలుస్తారన్నది మీ ఇష్టం.

తొమ్మిదో అడుగు: మూలానికి ఒక్క గుర్తు వదలండి

పాత్రలకు భీమారావు, పాంచాలి అని పేర్లు పెట్టకండి. పాఠకుడు రెండో పేజీలోనే కథంతా ఊహించేస్తాడు, ఆ తర్వాత మీ కథను చదవడం మానేసి సరిపోల్చడం మొదలుపెడతాడు. గుర్తు ఒక్కటి చాలు, అది వస్తువైతే ఇంకా మంచిది.

పాండవులు ఆయుధాలను మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. దసరానాడు మనం జమ్మి దగ్గరికి వెళ్లడం వెనక ఈ కథ కూడా ఉంది. మన కుటుంబం దాచవలసినదేమిటి? గిన్నెలు. ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, తమ్ముడి పెద్ద గరిటె. అన్నిటి మీదా ఇంటిపేరు, పెళ్లి తేదీ చెక్కించి ఉన్నాయి. పేరున్న గిన్నె వెంట తీసుకుపోతే పేరు తీసుకుపోయినట్టే. వెళ్లేముందు రాత్రి వదిన వాటిని పాత చీరలో మూటగట్టి పుట్టింటి అటక మీద పెట్టిస్తుంది. చివర దసరానాడు ఆ మూట దిగుతుంది. అంతే, విరాటపర్వం అన్న మాట ఎక్కడా రానక్కర్లేదు.

పదో అడుగు: ఒక్కచోట మూలాన్ని కాదనండి

మార్పు లేకపోతే మీరు చేసినది వేషం మార్చడమే. ఆదిపర్వంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండీ ఎరగనన్నాడు. కాళిదాసు దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చి అబద్ధాన్ని మరపుగా మార్చాడు. దాంతో కథ గుండెకాయే మారిపోయింది. పెద్దలు చేసిన పనే, మీరూ చేయవచ్చు.

కర్ణుడి కథను వాడుకునేవారు చాలాసార్లు జన్మరహస్యాన్ని చివరి మలుపుగా దాచుతారు. భారతంలో అలా లేదు. యుద్ధానికి ముందే కృష్ణుడు చెప్పాడు, కుంతి చెప్పింది. తెలిసి కూడా దుర్యోధనుడి వైపే నిలబడటంలో ఉంది కర్ణుడి బరువంతా. కాబట్టి మార్చేముందు మూలం ఎందుకు అలా ఉందో ఆలోచించండి, పోగొట్టుకునేది ఏమిటో తెలిసి మార్చండి.

విరాటపర్వంలో నేనైతే సుదేష్ణను మారుస్తాను. తమ్ముడు కీచకుడి బుద్ధి తెలిసి కూడా మద్యం తెమ్మనే నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపిన రాణి ఆమె. నేటి కథలో ఆమె వ్యాపారి భార్య. దొంగతనం అబద్ధమని ఆమెకు తెలుసు. మూలంలో చేయని పని ఒకటి ఆమె చేత చేయించండి: పోయిందన్న గొలుసును తానే బీరువాలోంచి తీసి నలుగురి ముందు పెట్టనివ్వండి. అప్పుడు మన వంటవాడు తమ్ముడు కత్తి పట్టవలసిన అవసరమే రాదు, కథ పగ వైపు నుంచి వేరే దారికి మళ్లుతుంది. ఆ దారి మీది.

చిత్తుప్రతి అయ్యాక ఇద్దరికి ఇవ్వండి: భారతం బాగా తెలిసిన ఒకరికి, అసలు చదవని ఒకరికి. మొదటివారిని మూలం ఎక్కడ స్ఫురించిందని అడగండి. మూడో పేజీకి ముందే అని జవాబొస్తే గుర్తులు తగ్గించండి. రెండోవారిని మూలం ఊసెత్తకుండా, అన్న తల ఎందుకు ఎత్తలేదని మాత్రం అడగండి. ఆ జవాబు తడుముకుంటే, నాలుగో అడుగుకు తిరిగి వెళ్లి ముడి ఇంకా బిగించండి.